ఏడేళ్లుగా తుఫానులో ఉన్న వంటవాడు

అద్దాలాయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కళ్లజోడు మాత్రం ఉండదు. ఊళ్లో సగంమంది ముక్కుల మీదికి కళ్లజోళ్లు ఎక్కించిన మనిషి, యాభై నాలుగేళ్లొచ్చినా తన ముక్కును ఖాళీగా ఉంచుకోగలిగానని తెగ గర్వపడతాడు. ఆ కోపంతోనూ ఆ గర్వంతోనూ ఇరవై తొమ్మిదేళ్లుగా కాపురం చేస్తున్నది ఆయన భార్య. ఈ కథలో విసుగంతా ఆమెది. కాస్త ఇది చెబుతున్న నాది కూడా.

దుకాణం చిన్నది. ముందు గదిలో గోడ నిండా ఫ్రేములు, నిలువుటద్దం, ఒక కౌంటరు, కౌంటరు వెనక ఆమె. ఎవరి నంబరెంతో చీటీ మీద రాసిపెట్టడం, ఎవరి ముఖానికి ఏ ఫ్రేము నప్పదో మొహమాటం లేకుండా చెప్పడం ఆమె పని. వెనక గదిలో కళ్లు చూసే కుర్చీ ఉంటుంది. దాని పక్కన పొడవాటి బల్ల, బల్ల మీద అద్దాల అంచులు అరగదీసే మిషను, భూతద్దం బిగించిన దీపం. పొద్దస్తమానం ఆయన ఆ దీపం కిందే ఉంటాడు.

కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికి ఆయన ఒక అట్ట ఇస్తాడు. దగ్గరి చూపు పరీక్షకని అచ్చువేసిన అట్ట అది. పైన పెద్ద అక్షరాలు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి, అన్నిటికంటే అడుగున చీమల బారులాంటి నాలుగు వరుసలు. ఏదో కథలోంచి కోసి అతికించినట్టుంటాయి. 'వాన వెలిసింది. తాత గొడుగు మడిచి గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపల ఎవరో నవ్వుతున్నారు. ఆ నవ్వు ఎక్కడో విన్నట్టనిపించి, మెల్లగా తలుపు' అని ఉంటుంది. అంతే, అక్కడికి అట్ట అయిపోతుంది. ఇన్నేళ్లలో ఎన్ని వేలమంది ఆ తాతను గుమ్మం దాకా తెచ్చి వదిలేశారో! వాళ్లలో సగంమందైనా అట్ట దించి, "తర్వాత ఏమైందండీ?" అని అడుగుతారు.

"అద్దం సరిపోయిందా లేదా, అది చెప్పండి," అంటాడు అద్దాలాయన. మరో మాట ఉండదు.

ఇంత చిరాకు మనిషి ఒకప్పుడు పుస్తకాల పురుగు అంటే కొత్తవాళ్లు నమ్మరు. పెళ్లైన కొత్తలో, సాయంత్రం దుకాణం కట్టేశాక, రోజంతా పదిమంది చేతులు పడి మరకలైన ఫ్రేముల్ని ఆమె తుడుస్తూ కూర్చుంటే, ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని నవల చదివి వినిపించేవాడు. ఊరికే చదవడం కాదు. ముసలమ్మకు ఒక గొంతు, పోలీసుకు ఒక గొంతు, అబద్ధాలాడే అల్లుడికి ఇంకో గొంతు. ఏడ్చేచోట నిజంగానే ఏడ్చేవాడు, ముక్కు చీదుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆమె విన్నది చదువు రాక కాదు. ఆయనకంటే ఒక తరగతి ఎక్కువే చదివింది. కానీ ఆయన చదువుతుంటే దుకాణంలోకి పదిమంది చుట్టాలు దిగినట్టుండేది.

ఇరవై రెండేళ్లు అలా నడిచింది. ఒకరోజు ఆగింది.

ఆగింది ఒక ఓడలోని వంటవాడి దగ్గర. లావుపాటి నవల అది. నడిసముద్రంలో తుఫాను పట్టుకుంది. ఓడ ఒక పక్కకు ఒరిగిపోయింది. వంటవాడు తాడు తెచ్చి తనను తాను పొయ్యి కమ్మీలకు కట్టేసుకున్నాడు. సరిగ్గా రెండువందల పన్నెండో పేజీ. ఆయన పుస్తకం మూసి, మధ్యలో కళ్లద్దాలు తుడిచే పసుపుపచ్చ గుడ్డముక్క పెట్టి, "తలనొప్పిగా ఉంది, రేపు చూద్దాం," అన్నాడు.

ఆ రేపు ఏడేళ్లైనా రాలేదు. అడిగినప్పుడల్లా ఒక సాకు. ఈమధ్య పుస్తకాలు బాగుండటం లేదన్నాడు. కాగితం నాసిరకం అన్నాడు, సిరా పలచబడింది అన్నాడు. చివరికి ఒకరోజు, "ఎంతకాలం చదివించుకుంటావ్? మనమేమన్నా చిన్నపిల్లలమా?" అనేశాడు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగబడింది. మోజు పోయింది చదువు మీదా, తన మీదా? ఆ ప్రశ్న నోటిదాకా వచ్చేది, మింగేసేది. పుస్తకం కౌంటరు కింది అరలోనే ఉంది. తీసి తానే చదువుకోవచ్చు. చదవలేదు. వంటవాణ్ణి తుఫానులోకి తోసినవాడే వచ్చి బయటికి లాగాలని ఆమె పంతం.

అనుమానం రాకపోలేదు. కళ్లద్దాల దుకాణంలో ఇన్నేళ్లు కూర్చుని చత్వారం సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? నలభై దాటాక ఎంతటివాళ్లకైనా దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకే ఒకసారి ఆయన్ని పట్టుకొచ్చి కుర్చీలో కూలేసి అట్ట చేతికిచ్చింది. ఆయన గుక్క తిప్పుకోకుండా అడుగు వరుస దాకా గడగడా చదివేశాడు. 'మెల్లగా తలుపు' అని ఆగి, "చాలా? ఇంకా ఏమన్నా పరీక్షలున్నాయా?" అన్నాడు. ప్రతి ఏడూ అదే పరీక్ష, అదే ఫలితం. కొందరికి చత్వారం ఆలస్యంగా వస్తుందని తనకు తానే సర్టిఫికెట్టు ఇచ్చుకున్నాడు. అట్ట అబద్ధం చెప్పదు కదా అని ఆమె ఊరుకుంది. అయితే లోపం కళ్లలో లేదు, మనసులోనే ఉందని తేల్చుకుని లోలోపల కుమిలిపోయింది.

ఇలా ఉండగా ఒకరోజు పెద్ద టీచర్‌గారు చూపు పరీక్షకు వచ్చారు. బడి నుంచి రిటైరై చాలా ఏళ్లైనా ఆ గొంతు వింటే ఇప్పటికీ వీధిలో పెద్దవాళ్లు కూడా చేతులు కట్టుకుంటారు. ఆవిడ అట్ట మొత్తం చదివి, "తర్వాత?" అన్నారు.

"అద్దం సరిపోయిందా లేదా, అది చెప్పండి."

"సరిపోయింది. తలుపు సంగతి చెప్పండి."

"నాకేం తెలుసండీ! అట్ట అంతవరకే ఉంది."

"ఇన్నేళ్లలో తెలుసుకోవాలని కూడా అనిపించలేదా మీకు?"

"లేదు."

"అయితే మీకు జబ్బు బాగా ముదిరింది," అన్నారు టీచర్‌గారు. "శనివారం నాలుగింటికి లైబ్రరీ మేడ మీద మా పుస్తకాల క్లబ్బు ఉంటుంది. వచ్చేయండి."

ఆయన నోరు తెరిచేలోపే కౌంటరు దగ్గర్నుంచి, "ఇద్దరి పేర్లూ రాసుకోండి టీచర్‌గారూ," అని ఆమె కేకేసింది.

ఆవిడ గుమ్మం దిగగానే ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నాకు టైమెక్కడ ఏడ్చింది? అద్దాలు అరగదీయమంటావా, కథలు చదువుతూ కూర్చోమంటావా?" అని గంటసేపు సాధించాడు. ఆ సమయానికే వచ్చిన కూతురు ఇదంతా విని, తండ్రి ఫోను లాక్కుని, క్లబ్బువాళ్లు పెట్టుకున్న నవలను అందులోకి ఎక్కించింది. ఆసుపత్రిలో నర్సు ఆ పిల్ల. మొండి రోగులతో వేగి వేగి రాటుదేలింది.

"చదవక్కర్లేదు నాన్నా. విను. పని చేతులకే కదా, చెవులు ఖాళీయేగా."

"చదివేది ఎవడు?"

"ఎవరో ఒకాయన."

"ఎవడో చదివితే నేను వినాలా?"

"వింటే వింటావ్, లేకపోతే లేదు," అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కి కూతురు డ్యూటీకి వెళ్లిపోయింది.

అక్కాచెల్లెళ్ల కథ అది. ఇద్దరూ కలిసి బట్టలుతికే దుకాణం నడుపుతారు. పదకొండేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. చెప్పాల్సిందంతా చీటీల మీద రాసి ఇస్త్రీ చేసిన చొక్కాల జేబుల్లో పెడతారు. మొదటిరోజు ఆయన కూతుర్ని తిట్టుకుంటూ విన్నాడు. రెండోరోజు నుంచి తిట్లన్నీ చదివేవాడి మీదికి మళ్లాయి.

"అక్క అలా మాట్లాడుతుందిరా ఎక్కడైనా? ఏడుపు గొంతులోనే ఆగిపోవాలి. బండి అరగంట ఆలస్యం అని స్టేషన్లో చెప్పినట్టు చదువుతావేంట్రా!"

ముందు గదిలో ఫ్రేము చూసుకుంటున్న ఒకావిడ అదిరిపడి, "ఎవరితోనండీ గొడవ?" అంది.

"పుస్తకంతో," అంది కౌంటరు వెనక నుంచి ఆమె.

ఇంకో రెండు రోజులకు తిట్లతో ఆగలేదు. మిషను ఆపేసి, ఆ మాటను ఎలా చదవాలో తానే అని చూపించడం మొదలుపెట్టాడు. వెనక గదిలోంచి అక్క గొంతు, చెల్లెలి గొంతు, బట్టలు పోయాయని అరిచే ముసలాయన గొంతు. ఆమె చేతిలో ఫ్రేము అలాగే ఉండిపోయింది. ఏడేళ్ల తర్వాత వింటోంది ఆ గొంతులు. సంతోషంతో కళ్లు చెమర్చాయి, వెంటనే ఒళ్లు మండింది. గోడలకూ మిషనుకూ వినిపించే మనిషికి పక్కగదిలో ఉన్న పెళ్లాం కంటికి ఆనలేదా?

పని మాత్రం అడ్డంగా నాశనమైంది. చెల్లెలు ఇల్లు వదిలి వెళ్లే ఘట్టంలో మునిగిపోయి, బ్యాంకు మేనేజరుగారి ఎడమ అద్దాన్ని అరగదీసి అరగదీసి చొక్కా గుండీ అంత చేశాడు. "చెల్లెలు వెళ్లిపోయిందే!" అన్నాడు ఎర్రబడిన కళ్లతో. "మేనేజరుగారు వస్తున్నారు," అంది ఆమె.

క్లబ్బులో పదకొండుమంది. పాత కుర్చీలు, పెద్ద కిటికీ, మధ్యలో బల్ల. అక్కడ ఒక నియమం ఉంది. వారానికొకరు తమకు నచ్చిన ఘట్టం పైకి చదవాలి, మిగతావాళ్లు తమ పుస్తకాల్లో చూస్తూ అనుసరించాలి. మొదటి మూడు వారాలూ ఎవరెవరో చదివారు. అద్దాలాయన వంతు వాదించడమే. "అక్కదేం తప్పు?" అని బల్ల గుద్దాడు. చెల్లెలి పక్షం వహించిన రిటైరైన బస్సు డ్రైవరుగారితో మెట్ల మీద కూడా పోట్లాడుతూ దిగాడు. ఆయన ఇంత ఉషారుగా ఉండగా ఆమె చూసి ఎన్నేళ్లైందో.

ఇదే అదను అనుకుని, మర్నాడు సాయంత్రం ఆమె అరలోంచి వంటవాడి పుస్తకం తీసి స్టూలు మీద పెట్టింది. తాను ఫ్రేములు ముందేసుకుని కూర్చుంది. ఆయన వచ్చి చూశాడు. పసుపుపచ్చ గుడ్డ మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత పుస్తకాన్ని తీసుకెళ్లి అరలోనే పెట్టేశాడు.

"ముందు క్లబ్బు పుస్తకం కానీ," అన్నాడు.

ఆమె ఓపిక తెగిపోయింది. "ఎవడో చెవిలో చదివితే రోజంతా వింటారు. పదకొండుమంది ముందు గొంతు చించుకుంటారు. నాకు రెండు పేజీలు చదవాలంటే మాత్రం మీకు బరువు. సూటిగా చెప్పేయండి, నేనంటే విసుగు పుట్టిందని. నేనూ ఆశ వదిలేసుకుంటా."

ఆయన వెనక గదిలోకి వెళ్లిపోయాడు. దీపం వేసుకుని మిషను తిప్పుకున్నాడు.

నాలుగో శనివారం చదవాల్సిన వంతు ఆయనది. వారమంతా ఒకే ముక్క మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాడు. చొక్కా జేబులో అక్కకు చివరి చీటీ దొరికే ఘట్టం. "అది ఎన్నో పేజీయో చూసి గుర్తు పెట్టు," అని ఆమెకే పురమాయించాడు. ఆమె పళ్లు కొరుక్కుంటూ ఆ పేజీలో కాగితం ముక్క పెట్టింది.

శనివారం నాలుగూ పదికి ఆయన లేచి నిలబడి, గుర్తు పెట్టిన చోట పుస్తకం తెరిచి, గొంతు సవరించుకున్నాడు. చదవడం అంటే అలా ఉండాలి. కిటికీ అవతల వీధి చప్పుడు ఎవరికీ వినిపించలేదు. అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది, జేబు తడిమింది, కాగితం తగిలింది. టీచర్‌గారు చెంపకు చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు. ఆమె ఆయన పక్కనే కూర్చుని, ఆయన చేతిలోని పుస్తకంలోకే చూస్తోంది. గర్వంగానే ఉంది. ఈ మొండి మనిషి నా మొగుడే అనుకుంది.

కుడివైపు పేజీ అడుగున 'చీటీ మడత విప్పి చూసేసరికి అందులో' అని ఉంది. ఆ మాటతో పేజీ అయిపోయింది. ఆయన ఆగలేదు. "అందులో ఒక్క మాటే ఉంది," అని సాగిపోయాడు. పేజీ తిప్పలేదు. మరిచిపోయాడనుకుంది. ఇంకో వాక్యం వచ్చింది, ఇంకొకటి వచ్చింది. ఆయన కళ్లు ఆ పాత పేజీ మీదే అటూ ఇటూ తిరుగుతున్నాయి, చదువుతున్నట్టే.

వేలితో వరుస వెంట వస్తున్న డ్రైవరుగారు తలెత్తి, పాపం ఏ కల్మషమూ లేకుండా, "సార్, అది అవతలి పేజీ కదా. మీ పుస్తకంలో ఇటే ఉందా?" అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చదవడం ఆగిపోయింది. గబుక్కున పేజీ తిప్పబోతే రెండు తిరిగాయి. డ్రైవరుగారు వంగి, సరైన పేజీ తీసి, "ఇదిగో, ఇక్కడ," అని వేలు పెట్టి చూపించారు. ఆయన ఆ వేలి కొస వైపు చూశాడు. పుస్తకాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరం జరిపాడు. చెయ్యి బారుగా చాచాడు. చాలలేదు.

ఆ గదిలో ఉన్న ప్రతివాళ్లూ ఏదో ఒకరోజు ఆయన కుర్చీలో కూర్చుని సరిగ్గా అలాగే చెయ్యి చాచినవాళ్లే. "చెయ్యి పొడుగు చేయించుకుంటారా, కళ్లజోడు చేయించుకుంటారా?" అని ఆయన వాళ్లందరినీ ఎగతాళి చేసినవాడే. ఇప్పుడు ఒక్కరూ నవ్వలేదు. డ్రైవరుగారు తన కళ్లజోడు తీసి, "పెట్టుకోండి సార్. మీరు చేసిందే," అని అందించారు.

అద్దాలాయన పుస్తకం మూసేశాడు. "తలనొప్పిగా ఉంది," అన్నాడు.

ఆ మాట వినగానే ఆమెకు ఏడేళ్ల లెక్కంతా తేలిపోయింది.

ఆయన ముందు, ఆమె వెనక. అలాగే దుకాణం దాకా నడిచారు. ఇంకా ఎండ పోలేదు. శనివారం మధ్యాహ్నమే కట్టేసిన దుకాణం షట్టరు ఆమె చరచరా పైకెత్తింది. లోపలికి రాగానే మొదలెట్టింది.

"ఏడేళ్లు! ఏడేళ్లు నాలో ఏదో లోపముందని ఏడ్చానండీ నేను! ముసలిదాన్నయ్యాననుకున్నా, మీకు రోత పుట్టిందనుకున్నా. తీరా చూస్తే చత్వారమా! ఊళ్లో కుక్కకూ పిల్లికీ వచ్చే చత్వారం!"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మొదట నాకు నిజంగా తెలీలేదు," అన్నాడు. "అట్ట చదివేశాను కదా. చూసి చదువుతున్నానో, నోటికొచ్చి చదువుతున్నానో నాకే తెలీలేదు. తెలిసేసరికి చెప్పడానికి నోరు రాలేదు. అందర్నీ చూసి నవ్వినవాణ్ణి."

"అందరికీ చెప్పకండి. నాకు చెప్పడానికేం?"

"నీ దగ్గరే మరీ సిగ్గేసింది. నాకు చదవడం తప్ప నీకు నచ్చేది ఇంకేం వచ్చు?"

ఆమెకు ఏడుపొచ్చింది, ఏడిస్తే ఈయన గెలిచినట్టవుతుందని ఆపుకుంది. ఆయన మెల్లగా చెయ్యి చాచి అట్ట అందుకున్నాడు. "సరే, చూడు, నంబరెంతో..." అన్నాడు.

ఆమె అట్ట లాక్కుంది. "దీన్ని నమ్మే కదా ఇద్దరం మునిగింది!"

కౌంటరు దగ్గరికి వెళ్లి, ఒక చీటీ తీసి, దాని మీద వీలైనంత సన్నగా ఏదో రాసింది. పరీక్షకు వాడే ఇనప ఫ్రేము తెచ్చి ఆయన ముక్కు మీద పెట్టింది. ఆ ముక్కు మీద ఫ్రేము కూర్చోవడం అదే మొదలు. పెట్టెలోంచి ఒకటో నంబరు అద్దాలు తీసి వేసింది. చీటీ చేతికిచ్చింది.

"మసక," అన్నాడు.

ఒకటిన్నర వేసింది. "ఏదో... ఏడేళ్ల..." అని ఆగాడు.

రెండు వేసింది. ఆయన ముఖం మారిపోయింది. చీటీని ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని, చిన్నపిల్లాడిలా ప్రతి అక్షరాన్నీ చూస్తూ చదివాడు.

'ఏడేళ్ల కిందట ఒకాయన ఒక వంటవాణ్ణి తుఫానులో వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఆ పుస్తకం నేనే చదువుకోవచ్చు. నాకు కళ్లున్నాయి, చదువూ ఉంది. కానీ ఆ వంటవాడి గొంతు నాకు'

అక్కడితో అయిపోయింది. ఆయన చీటీ వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"తర్వాత?" అన్నాడు.

"అద్దం సరిపోయిందా లేదా, అది చెప్పండి," అంది ఆమె.

"సరిపోయింది," అన్నాడు అద్దాలాయన. ఆ ఇనప ఫ్రేము అలా ఉండగానే లేచి వెళ్లి, కౌంటరు కింది అరలోంచి పుస్తకం తీసి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తుడవడానికి ఒక ఫ్రేము చేతిలోకి తీసుకుంది. గుడ్డ కోసం వెతుక్కుంటుంటే, ఆయన రెండువందల పన్నెండో పేజీలోంచి ఆ పసుపుపచ్చ ముక్క తీసి ఆమె చేతికిచ్చాడు.